డేటారక్షకీ, నీకు కోటి దండాలు

సమస్త భారత ప్రజా గోప్యతా సంరక్షిణీ, నలభై నాలుగు సెక్షన్ల మణిహార ధారిణీ, అంచెలంచెల గెజిట్ మార్గ మందగామినీ, అమ్మా, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమా! నీ సన్నిధిలో చేతులు కట్టుకుని నాలుగు మాటలు విన్నవించుకునే భాగ్యం ఈ అల్పుడికి కలిగింది. నా పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, ఇంట్లో ఎందరం ఉన్నామన్న సంగతి, మొన్న సంతలో ఏం కొన్నానన్న సంగతి లోకంలో అందరికీ ముందే తెలుసు కనుక ప్రవర చెప్పుకోవడం మానేసి నేరుగా స్తోత్రంలోకి వస్తున్నాను.

ముందు నీ నడక గురించి చెప్పాలి. స్త్రీ నడకను మెచ్చుకోవాల్సి వచ్చినప్పుడల్లా మన కవులు ఏనుగును తలుచుకున్నారు. నిన్ను చూశాక ఏనుగే సిగ్గుతో తొండం ముడుచుకోవాలి. అది బిడ్డను మోసేది ఇరవై రెండు నెలలు. నీ గర్భవాసం ముందు అదెంత? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు, వారిలో మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు, గోప్యత ప్రాథమిక హక్కేనని ఒక్క గొంతుతో చెప్పిన నాటినుంచీ నీకోసం నోములు నోచాం. అలాంటి ప్రాథమిక హక్కేదీ రాజ్యాంగంలో లేదని అంతకుముందు అదే కోర్టులో వాదించిన కేంద్ర ప్రభుత్వంవారే ఆ తరువాత నీకు పుట్టింటివారయ్యారంటే ఆ వాత్సల్యాన్ని ఏమని పొగడను? 2018 జులైలో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ నీ జాతకచక్రం వేసి ఇచ్చింది. 2019 డిసెంబరులో బిల్లు రూపంలో పార్లమెంటు గడప తొక్కావు. సంయుక్త పార్లమెంటరీ సంఘం రెండేళ్లపాటు ముస్తాబు చేసి 81 సవరణల నగలు చేయించి తెస్తే, అంత బరువు నీ సుకుమార దేహానికి తగదని 2022 ఆగస్టులో ఆ జన్మనే చాలించుకున్నావు. మళ్లీ పుట్టావు, మరింత సన్నబడి, మరింత తేలికపడి. 2023 ఆగస్టు 7న లోక్‌సభ, 9న రాజ్యసభ, 11న రాష్ట్రపతి ఆమోదం. అంతా మూజువాణి మంగళవాద్యాల నడుమ. ఆరేళ్లు సంబంధాలు వెతికినవారు అయిదు రోజుల్లో పెళ్లి చేసి పంపడం మన పెద్దల మర్యాదే. కుదిరాక ఆలస్యం చేస్తే చుట్టాలు తలో ప్రశ్నా వేస్తారు.

పెళ్లయితే అయింది గానీ కాపురానికి రావడానికి ముహూర్తాలు దొరకలేదు. నియమాల ముసాయిదా 2025 జనవరిలో వచ్చింది. అసలు నియమాలు ఆ నవంబరు 14న వచ్చాయి. అందులోనూ మా సమ్మతుల లెక్క చూసే సమ్మతి నిర్వాహకులకు ఏడాది గడువు, కంపెనీలు చేయాల్సిన ముఖ్యమైన పనులకు, మాకు దక్కాల్సిన హక్కులకు పద్దెనిమిది నెలల గడువు. అంటే నువ్వు మా ఇంట దీపం పెట్టేది 2027 మే నెలలో, మండుటెండల్లో. ఎదురుచూపులోనే ప్రేమ చిక్కనవుతుందని ఎరిగిన ప్రౌఢవు నువ్వు.

అయినా తల్లీ, కాపురానికి రాకముందే అత్తింట ఒక పని చక్కబెట్టిన కోడలిని ఈ దేశం ఇంతకుముందు చూసిందా? మిగతా సెక్షన్లన్నీ ముహూర్తం కోసం పీటల మీద కూర్చుని ఉండగా, 44వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ మాత్రం ఆ నవంబరులోనే కొంగు బిగించి లేచి, సమాచార హక్కు చట్టం వీధివైపు కిటికీ దగ్గరికి వెళ్లి, గాలి ఎక్కువగా వస్తోందని తలుపు దగ్గరకు వేసింది. 2005 నుంచి ఆ కిటికీకి 8(1)(జె) అని పేరు. పాత రోజుల్లో దాని రెక్కమీద చాలా రాసి ఉండేది: ప్రజా వ్యవహారంతో సంబంధం లేని సొంత సంగతులైతే చెప్పనక్కర్లేదని, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే చెప్పాలని, పార్లమెంటుకో శాసనసభకో చెప్పక తప్పని సంగతిని మామూలు మనిషికీ చెప్పి తీరాలని. ఎంత చాదస్తం! నువ్వు వచ్చి అదంతా తుడిచి, ఆరు ఇంగ్లీషు మాటలు మిగిల్చావు. వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారమైతే ఇవ్వక్కర్లేదని వాటి అర్థం. మహాకవులు కూడా ఇంత క్లుప్తంగా ఇంత పెద్ద ఇల్లు మూయలేదు. ప్రజాప్రయోజనం బరువైనదైతే అధికారి ఇవ్వవచ్చు అనే 8(2) సెక్షన్ ఇంకా పదిలంగానే ఉంది. ఇవ్వాలి అనే కరకు మాటకూ ఇవ్వవచ్చు అనే మృదువైన మాటకూ ఉన్న తేడా తెలిసిన రసజ్ఞులే ఈ దేశంలో అర్జీలు అందుకునే కుర్చీల్లో కూర్చుంటారని నీ నమ్మకం. ఆ నమ్మకమే నీ అందం.

దీని వల్ల కలిగిన మేలు మా తెలుగు పల్లెలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. చదువుకున్న కూలీ పిల్లలు మస్టర్లు చేత్తో పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నీ పేరు మీద ఇన్ని రోజుల పని రాశారు, ఇంత కూలి ఇచ్చినట్టు రాశారు, నీకు ముట్టిందా అని అడిగేవారు. ఆ తరువాత ప్రజావేదిక పెట్టి, మైకు పట్టుకుని, పేర్లు చదివేవారు. చనిపోయినవాళ్లు మట్టి తవ్వినట్టు, ఊళ్లో లేనివాళ్లు గట్టు వేసినట్టు బయటపడేది. ఎంత మొరటుతనం తల్లీ! కన్నుమూసినా కష్టపడటం మానని ఒక మనిషి గుట్టును నలుగురిలో రచ్చకీడ్చడం, ఆ కూలి అందుకున్న పుణ్యాత్ముడి పేరు మైకులో చదవడం, పాపం, వారి గోప్యతకు ఎంత భంగం! పేరూ వ్యక్తిగతమే, వేలిముద్రా వ్యక్తిగతమే, కాంట్రాక్టు ఎవరి బావమరిదికి వచ్చిందన్నది ఇంకా వ్యక్తిగతం. ఇకమీదట ఎవరైనా ఆఫీసు మెట్లెక్కి పింఛన్ల జాబితా అడిగితే, బదిలీ ఉత్తర్వు నకలు అడిగితే, సస్పెండైన అధికారి మీద ఏ చర్య తీసుకున్నారని అడిగితే, గుమస్తాగారు నీ పటం వైపు చూపించి కళ్లకద్దుకోవచ్చు. అర్జీదారుడికి నీ హక్కులు 2027లో వస్తాయి. గుమస్తాగారికి నీ అభయం ఇప్పుడే అందింది. ఇల్లు కట్టేటప్పుడు ముందు దొడ్డిగోడ లేపి, ఆ తరువాత తీరిగ్గా గది కట్టుకోవాలన్న వాస్తు నీకు తెలిసినట్టు మరెవరికి తెలుసు?

నీ భాషా సంస్కారం కూడా చెప్పుకోదగ్గది. ఇన్నాళ్లూ మన చట్టాలు మనిషిని 'అతడు' అన్నాయి. నువ్వు ఆడా మగా అందరినీ 'ఆమె' అన్నావు. మొదట్లో నాకు ఆశ్చర్యం వేసింది గానీ, నిన్ను చివరిదాకా చదివాక నీ లోతు బోధపడింది. భూమాత అంత ఓర్పు, సీతమ్మ అంత సహనం, అడిగిన ప్రతిసారీ తానెవరో చెప్పుకునే వినయం, అడక్కుండా తీసుకుంటే నోరెత్తని మర్యాద, ఇవన్నీ కలిసిన ప్రాణిని మరో పేరుతో పిలవడం నిజంగానే కుదరదు.

కిందటేడు మా ఇంట్లో పెద్దావిడకు రక్తపరీక్ష చేయించాం. రిపోర్టు ఇంకా మా చేతికి రాలేదు. ఈలోపు ఎవరో కుర్రాడు ఫోన్ చేసి, ఆవిడను పేరు పెట్టి పలకరించి, అమ్మగారికి షుగరు 280 దాటిందట కదండీ, మా దగ్గర మంచి పొడి ఉంది అని పరామర్శించాడు. కన్నకొడుకుకంటే ముందు కబురు తెలుసుకుని, కన్నకొడుకుకంటే ముందు మందు ఆలోచించిన ఆ ఆత్మబంధువు ఎవరో, అతని చెవిన ఎవరు వేశారో మాకు ఈనాటికీ తెలియదు. పెద్దావిడ మాత్రం ఆ రోజంతా, ఇంకెవరికి చెప్పారురా, మన బజార్లో అందరికీ తెలిసిపోయిందా అని అడుగుతూనే ఉంది. ఆవిడకు నీ మహిమ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. నీది సమదృష్టి అని, 2011 నాటి పాత నియమాలు జబ్బులను, బ్యాంకు లెక్కలను, పాస్‌వర్డులను సున్నితమైన సంగతులంటూ వేరే గూట్లో పెట్టి పక్షపాతం చూపేవని, నీ దృష్టిలో ఆవిడ షుగరు అంకె, ఆవిడ చెప్పుల సైజు ఒకే పళ్లెంలో వడ్డించినవేనని ఎలా చెప్పను? వేదాంతం వినే వయసే అయినా, ఆ పూట ఆవిడ వినే స్థితిలో లేదు.

ఇక నీ దండనీతి. దాన్ని తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. డేటాకు సరైన కాపలా పెట్టని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా, దోపిడీ జరిగిన సంగతి చెప్పని సంస్థకు 200 కోట్ల దాకా జరిమానా! ఆ 'దాకా' అన్న మాటలో ఎన్ని సున్నాలు హాయిగా నిద్రపోతాయో! ఆ సొమ్ము ఎక్కడికి పోతుందన్నది మరీ మనోహరం. చోరీ సొత్తు దొరికితే పోగొట్టుకున్నవాడిని పిలిచి అప్పగించే మోటు పద్ధతి పల్లెటూరి పంచాయతీలది. నువ్వు మహానగర దేవతవు. నీ సన్నిధిలో వసూలైన ప్రతి రూపాయీ భారత సంచిత నిధి అనే హుండీలో పడుతుంది. నగ పోగొట్టుకున్న భక్తురాలికి తీర్థం, శఠగోపం. పైగా ఆమె మనసు చలించకుండా, 2008 సవరణతో ఐటీ చట్టంలో చేరిన 43ఏ సెక్షన్‌ను, అంటే నిర్లక్ష్యం చేసిన కంపెనీ నష్టపోయిన మనిషికి పరిహారం కట్టాలన్న ఆ దురాశ పుట్టించే సెక్షన్‌ను, నువ్వు కాపురానికొచ్చే రోజునే చెత్తకుప్పలో వేయిస్తున్నావు. 2019 నాటి నీ పూర్వజన్మలో బాధితులకు పరిహారం అడిగే హక్కు ఉండేది. జన్మ మారినప్పుడు పాత వాసనలు పోవాలన్న శాస్త్రాన్ని ఇంత నిష్ఠగా పాటించినవారు అరుదు.

నష్టపోయిన మనిషి పట్ల నీకు శ్రద్ధ లేదని మాత్రం ఎవరూ అనలేరు. ఆమెకు విధులు కూడా ప్రసాదించావు. తప్పుడు ఫిర్యాదు, పనికిమాలిన ఫిర్యాదు చేయకూడదని, చేస్తే 10,000 రూపాయల దాకా చెల్లించుకోవాలని శాసించావు. ముందుగా ఆమె ఆ సంస్థ తలుపే తట్టాలి. సంస్థ జవాబివ్వడానికి తొంభై రోజుల దాకా వ్యవధి. అప్పటికీ తృప్తి కలగకపోతే డేటా రక్షణ బోర్డు. సివిల్ కోర్టు గుమ్మం మాత్రం ఎక్కనక్కర్లేదు, ఆ శ్రమ నువ్వే తప్పించావు. లెక్కలేనంత మంది లాయర్లు, సర్వర్లు ఉన్న సంస్థకు ఎదురుగా షుగరు రిపోర్టు పట్టుకుని నిలబడ్డ ముసలావిడకు, అమ్మా, నీ ఫిర్యాదు పనికిమాలినదని తేలితే పదివేలు అని ముందే చెప్పి ఉంచడంలో ఎంత దయ ఉంది!

నీ చిన్నపిల్లల ప్రేమకు వద్దాం. పద్దెనిమిది నిండని వారందరికీ, పాలుతాగే పసివాడి దగ్గర నుంచి ఇంజినీరింగ్ మొదటి ఏడాది హాస్టల్లో ఉన్న కుర్రదాని దాకా, తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలన్నావు. మా బజార్లో ఏ తండ్రికి ఓటీపీ వచ్చినా అద్దాలు లేవని ఫోను పిల్లవాడి చేతికే ఇచ్చి, చూడరా అందులో ఏముందో అంటాడు. తండ్రి సమ్మతిని పిల్లవాడి వేలితోనే ఇప్పించే ఈ ఏర్పాటులో రెండు తరాల మధ్య అనురాగం ఎంత పెరుగుతుందో చెప్పలేను.

నువ్వు డిజిటల్ దేవతవు. కాగితం నీకు మైల. అందుకే మండలాఫీసు పక్కన జిరాక్స్ షాపులో మూల గుట్టగా పడి ఉన్న మా ఆధార్ నకళ్లు, సగం పాడై పారేసినవి, నీ శాసనానికి ఆవలే ఉండిపోయాయి. సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఎవరి ముఖమో నూనెలో తడిసి చేతికొస్తుంటే, ఆ మనిషికి కలిగే గుర్తింపు నీ చలవే. కానీ పాపం మా కిరాణా శెట్టిగారు ఖాతా పుస్తకం చిరిగిపోతోందని బాకీలు ఫోన్లో ఎక్కించుకున్నారు. ఆ క్షణంలోనే ఆయనకు నీ సాక్షాత్కారం కలిగి, డేటా ఫిడ్యూషియరీ, అంటే డేటాకు ధర్మకర్త, అన్న బిరుదు దక్కింది. నోటీసు, సమ్మతి, భద్రత, డేటా పోతే బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరాలు, అన్నీ ఆ బిరుదుతో పాటు వచ్చే శాలువాలు. ఆయనకు మినహాయింపు కావాలంటే కేంద్రం తలచుకుని నోటిఫికేషన్ ఇవ్వాలి. శెట్టిగారు పప్పులు తూస్తూ ఆ నోటిఫికేషన్ కోసం గెజిట్ చదువుకోవచ్చు.

నీ ఔదార్యంలో పరాకాష్ఠ నీ కన్నవారి విషయంలో కనిపిస్తుంది. దేశ సార్వభౌమత్వం, భద్రత, శాంతిభద్రతల పేర కేంద్రం ఏ ప్రభుత్వ విభాగాన్ని నోటిఫై చేస్తే ఆ విభాగానికి నీ సెక్షన్లు వర్తించవన్నావు. అంతటితో ఆగక, అమలులోకి వచ్చాక అయిదేళ్లలోపు ఏ సంస్థకైనా నీలోని ఏ నియమాన్నయినా వర్తించకుండా చేసే అధికారమూ కేంద్రానికే అప్పగించావు. తన మెడలోని హారంలో ఏ పూసను ఎప్పుడు తెంపుకోవాలో పుట్టింటివారికే వదిలిపెట్టిన ఆడపడుచును నిన్నే చూశాను. తీర్పు చెప్పే బోర్డు నియామకమూ వారిదే, నలుగురు సభ్యులు, రెండేళ్ల పదవి, నచ్చితే మళ్లీ నియామకం. రెండేళ్లకోసారి యజమాని ముఖం చూసి రావాల్సిన న్యాయాధికారి ఎంత నిర్భయంగా ఉంటాడో పాలేరు పనికి కుదిరిన ప్రతివాడికీ తెలుసు.

పుట్టింటి పట్ల నీ మమకారానికి కారణం లేకపోలేదు. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదిక ఒకటి వచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూసుకునేలా ఆరుబయట ఉన్నాయని అందులో లెక్క కట్టారు. ఆ నాలుగింట్లో రెండు మా ఆంధ్రప్రదేశ్‌వే కావడం మాకు గర్వకారణం: ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. వేరే రాష్ట్రాలవారు దాచుకున్నారో లేదో గానీ, మావారు కూలీల పేర్లు, నంబర్లు, బ్యాంకు ఖాతాలు తులసికోట దగ్గర ముగ్గులా పరిచిపెట్టారు. అంత దానశీలురకు కొత్తగా సమ్మతి అడిగే శ్రమ ఎందుకని కాబోలు, రాయితీలకు, ధ్రువపత్రాలకు, లైసెన్సులకు తమ దగ్గర ఇప్పటికే ఉన్న రికార్డులను వాడుకునే వీలు ప్రభుత్వానికి కల్పించావు.

మా భాషను కూడా మరిచిపోలేదు. సమ్మతి అడిగే నోటీసు ఇంగ్లీషులోగానీ, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో కోరుకున్నదాంట్లోగానీ చదువుకునే వీలుండాలన్నావు. కనుక 2027లో మా పెద్దావిడ, నేను అంగీకరిస్తున్నాను అన్న బొత్తాన్ని స్వచ్ఛమైన తెలుగులో చదువుకుని నొక్కగలదు.

తల్లీ, నీ స్తోత్రం ఎంత చేసినా తరగదు గానీ, నీకోసం మొదట తలుపు తట్టిన మనిషిని ఒక్కమాటు తలుచుకుని సెలవు తీసుకుంటాను. కర్ణాటక హైకోర్టులో పదవీ విరమణ చేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి, ఆధార్‌ను ప్రశ్నిస్తూ 2012లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేసేనాటికి ఆయనకు 86 ఏళ్లు. ఆయన పేరు మీదనే గోప్యత తీర్పు వచ్చింది. 2024 అక్టోబరు 28న, 98 ఏళ్ల వయసులో, ఆయన బెంగళూరులో కన్నుమూశారు. నీ నియమాలు మరో ఏడాదికి వచ్చాయి. హక్కులు 2027 మే నెలలో వస్తాయి.